రొయ్యలు 240, గుంటలు 12: టి టెస్ట్‌కి ఏది లెక్క?

తమ్ముడూ, ముందు నీ ప్రశ్నని నాలుగు మాటల్లో చెప్తాను, ఇది చదివే మిగతా పిల్లలకీ అర్థమవుతుంది. ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు వైపు ఆరుగురు రైతుల దగ్గర రెండేసి వనామీ రొయ్యల గుంటలు తీసుకున్నావు. ఒక్కో రైతు ఒక గుంటలో కొత్త మేత, రెండో గుంటలో ఎప్పుడూ వాడే పాత మేత వేశాడు. 75వ రోజున గుంటకి 20 చొప్పున రొయ్యలు పట్టి తూకం వేశావు. మొత్తం 240 రొయ్యలు. ఎస్‌పీఎస్‌ఎస్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఇండిపెండెంట్ శాంపిల్స్ టి టెస్ట్ (ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు గ్రూపుల సగటుల్ని పోల్చే పరీక్ష) చేస్తే టి విలువ 3.35, డీఎఫ్ (డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్, అంటే లెక్కలో ఎంత స్వతంత్ర సమాచారం ఉందో చెప్పే అంకె) 238, సిగ్ (పి విలువ, అంటే మేతల మధ్య నిజంగా తేడా లేకపోయినా ఇంత తేడా కనపడే అవకాశం) .001 వచ్చాయి. టేబుల్లో రెండు వరసలున్నాయి, ఏది రాయాలి అన్నది నీ మొదటి ప్రశ్న. కొత్త మేత మంచిదని థీసిస్‌లో రాసెయ్యొచ్చా అన్నది రెండోది.

మొదటి ప్రశ్నకి జవాబు రెండు నిమిషాల పని. రెండోది అలా కాదు. నెల్లూరులో ఇరవై ఏళ్లుగా ఫిషరీస్, అగ్రికల్చర్ పిల్లల డేటా చూస్తున్నాను. ఎక్కువమంది చిక్కుకునేది సాఫ్ట్‌వేర్ బటన్ల దగ్గర కాదు, డేటా ఫైల్‌లో ఒక్కో వరసలో ఏం పెట్టాలన్న దగ్గరే. నీ డేటా దానికి సరైన ఉదాహరణ, అందుకే ఓపిగ్గా రాస్తున్నాను.

బటన్ల సంగతి ముందు తేల్చేద్దాం. ఎస్‌పీఎస్‌ఎస్‌లో రెండు మేతల బరువుల్ని పక్కపక్కన రెండు కాలమ్‌లలో పెట్టకూడదు. బరువులన్నీ ఒకే కాలమ్‌లో ఒకదాని కింద ఒకటి ఉండాలి. పక్క కాలమ్‌లో అది ఏ మేతో చెప్పే అంకె ఉండాలి, కొత్త మేతకి 1, పాత మేతకి 2 అనుకుందాం. తర్వాత అనలైజ్, కంపేర్ మీన్స్, అందులో ఇండిపెండెంట్ శాంపిల్స్ టి టెస్ట్. బరువుని టెస్ట్ వేరియబుల్ పెట్టెలోకి, మేతని గ్రూపింగ్ వేరియబుల్ పెట్టెలోకి పంపగానే మేత పేరు పక్కన బ్రాకెట్లో రెండు ప్రశ్నార్థకాలు కనిపిస్తాయి. అక్కడే చాలామంది ఆగిపోతారు, ఓకే బటన్ పనిచెయ్యదు. డిఫైన్ గ్రూప్స్ నొక్కి 1, 2 అని చెప్తే ప్రశ్నార్థకాలు పోయి ఆ అంకెలు వస్తాయి. అంకెలకి బదులు అక్షరాలు టైప్ చేసి ఉంటే ఆ అక్షరాలే ఉన్నవి ఉన్నట్టు ఇవ్వాలి, ముందు ఒక స్పేస్ ఎక్కువైనా గ్రూప్ ఖాళీ అంటుంది.

ఇప్పుడు టేబుల్. ఎడమ చివర లెవెన్స్ టెస్ట్ అని ఒక ఎఫ్, ఒక సిగ్ ఉంటాయి. ఆ సిగ్ నీ ఫలితం కాదు. రెండు గ్రూపుల చెదురు, అంటే వేరియన్స్, ఒకేలా ఉందా లేదా అన్నదానికి మాత్రమే అది జవాబు. నేను చూసిన థీసిస్‌లలో ఈ సిగ్‌ని ఎత్తి అసలు పి విలువగా రాసినవి చాలా ఉన్నాయి. నీ ఫలితం దానికి కుడిపక్క, టి, డీఎఫ్ తర్వాత వచ్చేది. కొత్త వెర్షన్లలో అక్కడ వన్ సైడెడ్, టూ సైడెడ్ అని రెండు పి విలువలు ఇస్తున్నారు. ముందు కనపడేది వన్ సైడెడ్, చిన్నగా ఉంటుంది కాబట్టి ఆశ కూడా పెడుతుంది. దాన్ని వదిలెయ్. పాత మేత కంటే కొత్తది తగ్గినా పెరిగినా నీకు తెలియాలి కాబట్టి టూ సైడెడ్ రాయి.

ఇక ఆ రెండు వరసలు. పై వరస రెండు గ్రూపుల వేరియన్స్ సమానమని అనుకుని చేసిన పాత పద్ధతి. కింది వరసలో ఆ అనుకోలు లేదు, వెల్చ్ 1947లో ఇచ్చిన పద్ధతి అది. లెవెన్స్ సిగ్ 0.05 కంటే ఎక్కువైతే పై వరస, తక్కువైతే కింది వరస అని మన క్లాసుల్లో చెప్తారు. నా మాట వేరు. ఎప్పుడూ కింది వరసే రాయి. వేరియన్స్‌లు సమానమైనా వెల్చ్ వల్ల పోయేది చాలా కొంచెం. సమానం కానప్పుడు, అందులోనూ రెండు గ్రూపుల సంఖ్య వేర్వేరైనప్పుడు, పై వరస నిన్ను తప్పుదోవ పట్టిస్తుంది. పైగా శాంపిల్ చిన్నదైతే లెవెన్ టెస్ట్‌కి తేడా కనిపెట్టే బలం కూడా ఉండదు. దాన్ని ద్వారపాలకుడిలా నిలబెట్టి వరస ఎంచుకోవడం సరైన పని కాదు. ఆర్ (R) అనే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకి ఈ బాధ లేదు, టి టెస్ట్ అడిగితే అది తనంతట తానే వెల్చ్ చేస్తుంది, పాత పద్ధతి కావాలంటేనే ప్రత్యేకంగా చెప్పాలి. ఎక్సెల్‌లో టి టెస్ట్ ఫార్ములా చివర టైప్ దగ్గర 3 ఇస్తే వెల్చ్, 2 ఇస్తే పాతది, 1 ఇస్తే జతల టెస్ట్. ఆ 1 సంగతి గుర్తుపెట్టుకో, మళ్లీ దాని దగ్గరికే వస్తాం. కాలేజీలో ఎస్‌పీఎస్‌ఎస్ లైసెన్స్ అయిపోయి టెన్షన్ పడుతుంటే జాస్ప్, జమోవి అనే సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి, రెండింట్లోనూ వెల్చ్‌కి ఒక్క టిక్కు పెడితే చాలు.

సరే, ఇప్పుడు అసలు విషయం.

నీ టేబుల్లో డీఎఫ్ 238 అని ఉంది. 240లోంచి 2 తీసేస్తే 238. అంటే నువ్వు సాఫ్ట్‌వేర్‌కి చెప్పిన మాట ఏంటంటే, "నా దగ్గర ఒకదానితో ఒకటి సంబంధం లేని 240 సాక్ష్యాలు ఉన్నాయి" అని. అది నిజమా? ఒక్కసారి గట్టు మీద నిలబడి చూడు. ఒక గుంటలోని 20 రొయ్యలూ ఒకే నీళ్లలో పెరిగాయి. ఒకే రోజు వదిలిన ఒకే సీడ్, అంటే రొయ్య పిల్లలు. ఆ గుంట ఏరేటర్ (నీళ్లలో గాలి కలిపే యంత్రం) రాత్రి కరెంటు పోయి ఆగితే 20కీ ఆక్సిజన్ తగ్గింది. మేత వేసే మనిషి ఒక పూట ఆలస్యమైతే 20కీ ఆలస్యమే. ఆ గుంటలో 15వ రొయ్య బరువు తూచినప్పుడు నీకు ఆ గుంట గురించి ఇంకొంచెం తెలిసింది కానీ మేత గురించి కొత్తగా తెలిసింది చాలా తక్కువ. మేత వేసింది రొయ్యకి కాదు, గుంటకి. ఏ యూనిట్‌కి మందో మేతో ఎరువో ఇచ్చామో ఆ యూనిట్లే లెక్క. నీకున్నవి 240 కాదు, 12.

దీన్ని ఇంకోలా పరీక్షించి చూడు. అదే 12 గుంటల నుంచి గుంటకి 20 బదులు 100 రొయ్యలు తూచావనుకో. సగటులు అవే వచ్చాయనుకో. నువ్వు చేసిన పద్ధతిలో టి విలువ 3.35 నుంచి 7 దాటిపోతుంది, పి విలువ కనపడనంత చిన్నదవుతుంది. మేత గురించి కొత్తగా ఏం తెలిసింది? ఒక్క గుంట కూడా పెరగలేదు, ఒక్క రైతు కూడా పెరగలేదు. విసురువల ఇంకో నాలుగుసార్లు విసిరినందుకే సైన్స్ బలపడదు కదా.

ప్రకాశం జిల్లా కొండపి వైపు నుంచి ఒక అబ్బాయి పొగాకు మీద ప్రాజెక్టు చేసి నా దగ్గరికి వచ్చాడు. రెండు రకాల క్యూరింగ్ (ఆకుని ఆరబెట్టే పద్ధతి) పోల్చాడు, ఒక్కోదానికి 150 ఆకులు. అంకెలు చాలా శుభ్రంగా ఉన్నాయి. బ్యారన్లు, అంటే ఆకు ఆరబెట్టే కొట్లు, ఎన్ని అని అడిగాను. ఒక్కో పద్ధతికి ఒక్కో బ్యారన్ అన్నాడు. అంటే ఉన్నవి రెండే యూనిట్లు, ఆ తేడా క్యూరింగ్‌దో బ్యారన్‌దో చెప్పే దారే లేదు. ఏ టెస్ట్ చేసినా అది మారదు. ఆ అబ్బాయి ముఖం చూసి చాలా బాధనిపించింది, సీజన్ అయిపోయింది, మళ్లీ చెయ్యడానికి లేదు. నీ పరిస్థితి అలా కాదు. నువ్వు ఆరుగురు రైతుల్ని తీసుకున్నావు, అదే నీకు అండ.

నువ్వు ప్రశ్నలో పెట్టిన గుంటల సగటులు తీసుకుని నేను చేసి చూశాను. కొత్త మేత గుంటలు రైతుల వరసలో 13.2, 14.1, 12.8, 13.9, 14.6, 13.4 గ్రాములు. అదే వరసలో పాత మేత గుంటలు 12.1, 13.6, 11.4, 13.0, 14.2, 11.7. కొత్త మేత సగటు 13.67 గ్రాములు, పాత మేత సగటు 12.67. రైతు భాషలో చెప్పాలంటే ఒకటి సుమారు 73 కౌంట్ (కిలోకి 73 రొయ్యలు), ఇంకోటి 79 కౌంట్. తేడా కచ్చితంగా ఒక గ్రాము.

ఈ 12 అంకెలతో ఇండిపెండెంట్ టి టెస్ట్ చేస్తే టి 1.90 వచ్చింది. పై వరసలో డీఎఫ్ 10, పి విలువ 0.087. కింది వెల్చ్ వరసలో డీఎఫ్ 8.1, పి విలువ 0.094. రెండు గ్రూపుల్లో ఆరేసి ఉండటంతో టి విలువ రెండు వరసల్లోనూ ఒకటే, డీఎఫ్ మాత్రమే మారింది. వెల్చ్‌లో డీఎఫ్ దశాంశంలో వస్తుంది, అది పొరపాటు కాదు, అలాగే రాయాలి. తేడాకి 95 శాతం అంతరం (కాన్ఫిడెన్స్ ఇంటర్వల్, అసలు తేడా ఎంత నుంచి ఎంత దాకా ఉండొచ్చో చెప్పేది) మైనస్ 0.21 నుంచి 2.21 గ్రాముల దాకా ఉంది, మధ్యలో సున్నా కూడా ఉంది. ఇందాకటి .001 ఎక్కడికి పోయింది? తేడా అప్పుడూ ఒక గ్రామే, ఇప్పుడూ ఒక గ్రామే. మారింది దాని పక్కన పెట్టే స్టాండర్డ్ ఎర్రర్, అంటే ఆ తేడా ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే కొలత. రొయ్యల్ని లెక్కపెట్టినప్పుడు అది 0.30 గ్రాములు, గుంటల్ని లెక్కపెడితే 0.53.

ఇక్కడితో నిరాశపడకు, మనం ఇంకా సరైన టెస్ట్ దగ్గరికి రాలేదు. పైన ఉన్న అంకెల్ని రైతు రైతుకీ జతగా చదువు. మొదటి రైతు దగ్గర కొత్త మేత 1.1 గ్రాములు ఎక్కువ. తర్వాత 0.5, 1.4, 0.9, 0.4, 1.7. ఆరుగురి దగ్గరా కొత్త మేతే ముందుంది. ఐదో రైతు రెండు గుంటలూ బాగా పెరిగాయి, మూడో రైతువి రెండూ వెనకబడ్డాయి. అది మేత తేడా కాదు, రైతు తేడా. నీళ్లు, సీడ్, అనుభవం, గుంట లోతు అన్నీ అందులో కలిసి ఉన్నాయి. ఇండిపెండెంట్ టెస్ట్‌లో ఈ రైతు తేడా అంతా చెదురులో కలిసిపోయి నీ ఒక్క గ్రాముని కప్పేసింది. ఒకే రైతు రెండు గుంటల్నీ పోల్చినప్పుడు అది కొట్టుకుపోతుంది.

అందుకే నీకు కావాల్సింది ఇండిపెండెంట్ శాంపిల్స్ టెస్ట్ కాదు, పెయిర్డ్ శాంపిల్స్ టి టెస్ట్, అంటే ఇందాక ఎక్సెల్ దగ్గర చెప్పిన జతల టెస్ట్. ఆరు తేడాల సగటు 1.0, స్టాండర్డ్ డీవియేషన్ (ఆ తేడాల చెదురు) 0.51, స్టాండర్డ్ ఎర్రర్ 0.21. టి 4.84, డీఎఫ్ 5, పి విలువ 0.005. అంతరం 0.47 నుంచి 1.53 గ్రాములు. అవే 12 అంకెలు, టెస్ట్ నీ ప్రయోగానికి సరిపోయేది అయ్యేసరికి మాట స్పష్టంగా వచ్చింది.

"చివరికి పి విలువ చిన్నదే వచ్చిందిగా, నేను మొదట చేసిందాంట్లో తప్పేముంది" అని నీకు అనిపించవచ్చు. ఈసారి రెండు దార్లూ దగ్గర దగ్గర జవాబే ఇచ్చాయి, నిజమే. అది ఈ డేటాలో అలా కలిసి రావడమే తప్ప ఆ పద్ధతి గొప్ప కాదు. ఇవే గుంటలు పన్నెండు మంది వేర్వేరు రైతులవి అయ్యుంటే సరైన జవాబు 0.094 అయ్యేది, నువ్వు మాత్రం .001 అని రాసి, రైతుకి బస్తాకి ఎక్కువ డబ్బు పెట్టమని చెప్పేవాడివి. మన దగ్గర ఒక పంట పోతే రైతు రెండేళ్లు కోలుకోడు. అందుకే ఈ విషయంలో నేను గట్టిగా చెప్తాను.

ఎలా చెయ్యాలో చెప్తాను. 240 వరసల ఫైల్‌ని పారెయ్యకు. డేటా మెనూలో అగ్రిగేట్ అని ఉంది. బ్రేక్ వేరియబుల్ దగ్గర రైతు, గుంట, మేత మూడూ పెట్టు. కింద పెట్టెలో బరువు పెట్టు, సగటు తనే తీస్తుంది. కొత్త డేటాసెట్‌గా సేవ్ చెయ్యమను. 12 వరసల ఫైల్ వస్తుంది. జతల టెస్ట్‌కి మాత్రం డేటా ఆకారం తిరగబడుతుంది. వరసకి ఒక రైతు, అతని కొత్త మేత సగటు ఒక కాలమ్‌లో, పాత మేత సగటు పక్క కాలమ్‌లో. ఉన్నవి ఆరు వరసలే, చేత్తో టైప్ చేసుకున్నా ఐదు నిమిషాలు. టైప్ చేశాక ఆరు తేడాల్నీ ఒక కాగితం మీద చుక్కలుగా పెట్టి చూడు. ఒక రైతు తేడా మిగతా ఐదింటికీ బాగా దూరంగా ఉంటే తూకం పుస్తకం మళ్లీ తియ్యాలి. ఆరు అంకెల మీద నార్మాలిటీ టెస్ట్ (అంకెలు గంట ఆకారంలో పరుచుకున్నాయా అని చూసేది) చేసి "నార్మల్" అని రాయడం వల్ల ఒరిగేదేమీ లేదు, ఆరింటితో అది దేన్నీ పట్టుకోలేదు. నీ గైడ్ మిక్స్‌డ్ మోడల్ (రైతు తేడానీ గుంట తేడానీ విడిగా లెక్కలోకి తీసుకునే పద్ధతి) తెలిసినవారైతే 240 రొయ్యల్నీ ఉంచి, రైతుని, గుంటని మోడల్‌లో పెట్టి చెయ్యొచ్చు. ఒక్కో గుంటలో సరిగ్గా 20 ఉన్నాయి కాబట్టి మేత గురించి జవాబు ఈ జతల టెస్ట్ చెప్పినదే వస్తుంది.

"ఆరే శాంపిల్సా" అని వైవాలో అడుగుతారని భయపడుతున్నావని తెలుసు. ఆ భయంతోనే పిల్లలు 240 అని రాస్తారు. టి టెస్ట్ పుట్టిందే చిన్న శాంపిల్స్ కోసం. డబ్లిన్‌లో గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేసిన గాసెట్, 1908లో స్టూడెంట్ అన్న మారుపేరుతో దాన్ని అచ్చువేశాడు. పెద్ద శాంపిల్స్‌కి పనికొచ్చే లెక్కలు అప్పటికే ఉన్నాయి, ఆయనకి చేతిలో ఉన్న కొద్ది అంకెలతో నిజాయితీగా మాట చెప్పడం కావాలి. ఆ వ్యాసంలో ఆయన చూపిన ఉదాహరణల్లో ఒకటి 10 మంది రోగుల నిద్ర గంటలు, అదీ ఒకే మనిషి మీద రెండు మందుల తేడా. నీది ఆరుగురు రైతులు, ఒకే రైతు దగ్గర రెండు మేతలు. తలెత్తి "ఆరు జతలు సార్" అని చెప్పు.

అంకెలకి ముందు జరిగిన వాటిలో నేను నిన్ను అడగాల్సినవి ఉన్నాయి, థీసిస్‌లో వాటిని దాచకుండా రాయి. ఏ గుంటకి ఏ మేత అన్నది ఎవరు నిర్ణయించారు? నాణెం ఎగరేసి నువ్వు నిర్ణయించి ఉంటే చాలా మంచిది. రైతే ఎంచుకుని ఉంటే, కొత్త మేతని తన మంచి గుంటలో, కాలవకి దగ్గరగా నీళ్లు తేలిగ్గా మార్చుకోగలిగే గుంటలో వేసి ఉండొచ్చు. అప్పుడు ఆ ఒక్క గ్రాములో గుంట మంచితనం ఎంతో ఎవరూ చెప్పలేరు.

రెండోది పట్టిన తీరు. నేను చాలా గుంటల దగ్గర చూశాను. కుర్రాడు చెక్ ట్రే (రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే పళ్లెం) పక్కనే నిలబడి వల విసురుతాడు, అక్కడ మేతకి వచ్చిన చురుకైన రొయ్యలే పడతాయి. సంచిలో వేసి నీళ్లు కారకముందే కాటా మీద పెడితే తడి బరువు కూడా కలుస్తుంది. గుంటకి నాలుగు మూలలా విసిరి, వలలో పడినవన్నీ బకెట్లో వేసి, అందులోంచి ఏరకుండా 20 తీసి, నీళ్లు పూర్తిగా కారనిచ్చి తూచావా? రెండు మేతల గుంటల్లోనూ ఒకేలా చేసి ఉంటే తేడా మీద దెబ్బ తక్కువ. ఎలా చేశావో అలాగే రాయి.

అన్నిటికంటే ముఖ్యం, రొయ్య బరువు ఒక్కటే చూసి మేత గొప్పదనకు. గుంటలో కొన్ని చచ్చిపోతే మిగిలినవాటికి చోటు, మేత ఎక్కువై లావెక్కుతాయి. బతికింది తక్కువ ఉన్న గుంట సగటు బరువులో ముందుంటుంది, రైతు మాత్రం నష్టపోతాడు. అందుకని పట్టుబడి రోజు దాకా ఆగి, ఎకరాకి ఎన్ని కిలోలు, ఎంత శాతం బతికాయి, కిలో రొయ్యకి ఎన్ని కిలోల మేత పట్టింది, ఈ మూడూ కూడా ఆ ఆరుగురి దగ్గరా జతగా తీసుకో. నువ్వు ఇప్పటికే ఆ గట్ల మీద తిరుగుతున్నావు, ఆ అంకెలు రైతు పుస్తకంలో ఉంటాయి.

థీసిస్‌లో వాక్యం ఇలా ఉండొచ్చు, నీ మాటల్లోకి మార్చుకో: "ఆరుగురు రైతుల వద్ద, ఒక్కొక్కరి వద్ద ఒక గుంటలో కొత్త మేత, మరొక గుంటలో పాత మేత వాడగా, 75వ రోజున గుంట సగటు బరువులో తేడా 1.0 గ్రాము, 95 శాతం అంతరం 0.47 నుంచి 1.53, పెయిర్డ్ టి 4.84, డీఎఫ్ 5, పి విలువ 0.005. ఒక్కో గుంట సగటు 20 రొయ్యల తూకం నుంచి తీసినది." 240 అన్న అంకె ఎక్కడికీ పోదు, ఆ చివరి వాక్యంలో దానికి తగ్గ చోట ఉంటుంది.

ఏ గుంటకి ఏ మేత అన్నది ఎలా తేలిందో రాసి పెట్టు. నాణెం వెయ్యలేదంటే, గుంట వైశాల్యం, లోతు, సాల్టు, వదిలిన రొయ్య పిల్లల సంఖ్య ఆరు జతలకీ పంపించు, రెండు వైపులా ఎంత సమానంగా ఉన్నాయో కూర్చుని చూద్దాం.